హౌసింగ్ మార్చాక క్రాస్ ఒక్కటి కలిస్తే చాలదు: లారీ ప్రొపెల్లర్ షాఫ్ట్ లెక్కలు

మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం, మేళ్లచెరువు, మట్టంపల్లి వైపు నుంచి సిమెంటు ఎత్తుకుని తిరిగే పాత లారీకి క్రౌన్ (వెనక ఇరుసులను తిప్పే పెద్ద పళ్ల చక్రం) పళ్లు రాలితేనో, వెనక హౌసింగ్ (ఆ చక్రం, ఇరుసులు ఉండే డొల్ల) పగిలితేనో యజమాని ముందు రెండు దారులుంటాయి. లోపలి సామానంతా కొత్తది కొని కట్టించడం ఒకటి. ఆటోనగర్‌లో పూర్తి హౌసింగ్ దొరికితే తెచ్చి ఎక్కించడం రెండోది. ఖర్చు చూసుకునేవాళ్లు రెండో దారికే మొగ్గుతారు, అందులో తప్పేమీ లేదు. గేర్‌బాక్స్ తిప్పుడును వెనక్కి మోసే పైపు ప్రొపెల్లర్ షాఫ్ట్, దాన్ని అందుకుని క్రౌన్‌ను తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్, రెండిటినీ బోల్టులతో కలిపే బిళ్లలు ఫ్లాంజ్‌లు. తెచ్చిన హౌసింగ్ పినియన్ ఫ్లాంజ్ ఒక రకం, బండి షాఫ్ట్ చివరి ఫ్లాంజ్ ఇంకో రకం అయినప్పుడే చిక్కు మొదలవుతుంది. రంధ్రాలు సాగదీసో, మధ్యలో ప్లేటు పెట్టో, దొరికిన క్రాస్ (జాయింట్ మధ్యలో ఉండే ప్లస్ ఆకారపు ముక్క) దిగ్గొట్టో బోల్టులు పట్టించి బండిని పంపేస్తారు. షెడ్డులో తిరిగిన షాఫ్ట్ రోడ్డెక్కి 50 దాటగానే ఫ్లోరు వణికిస్తుంది. క్రాస్ మార్చినా వణుకు పోదు, ఎందుకంటే తేడా క్రాస్‌లో లేదు.

షాఫ్ట్ కుదరాలంటే క్రాస్ సైజు, ఫ్లాంజ్, పొడవు, కోణం, యోకుల (క్రాస్‌ను పట్టుకునే రెండు చెవుల ముక్కల) వరస అన్నీ కలవాలి. మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి కాబట్టి వాటితోనే పని అయిపోయిందనుకుంటారు. బండిని తినేది మిగతా మూడు.

కొలతలు పాత హౌసింగ్ దించకముందే తీసుకోవాలి. బండి ఖాళీగా, చదును నేల మీద, టైర్లలో సరైన గాలితో నిలబడి ఉండాలి. గేర్‌బాక్స్ అవుట్‌పుట్, షాఫ్ట్ ముందు ముక్క, వెనక ముక్క, పినియన్ ఎంతెంత వాలు ఉన్నాయో అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్‌తో చూసి రాసుకోవాలి. పినియన్ వాలును ఫ్లాంజ్ మిషన్ చేసిన ముఖం మీద కొలవాలి, పోత పోసిన హౌసింగ్ ఒంటి మీద కాదు. ఫ్లాంజ్ ముఖం నుంచి ఫ్లాంజ్ ముఖం దాకా దూరం, స్లిప్ స్ప్లైన్ (షాఫ్ట్ పొడవు మారేలా లోపలికీ బయటికీ జారే పళ్ల భాగం) ఎంత బయటికి ఉందో కూడా రాసి పెట్టుకోవాలి. ఇదంతా అరగంట పని. హౌసింగ్ కిందకి దిగాక ఈ అంకెలు మళ్లీ దొరకవు.

షాఫ్ట్ విప్పేముందు ముందు చక్రాలకు, అటూ ఇటూ కూడా, గట్టి దిమ్మెలు పెట్టాలి. షాఫ్ట్ ఊడితే గేరులో ఉన్న బండి కూడా దొర్లుతుంది. హ్యాండ్‌బ్రేక్ పట్టు వెనక చాంబర్లలో ఉంటే హౌసింగ్‌తో పాటు అదీ పోతుంది. గేర్‌బాక్స్ వెనక డ్రమ్ము మీద ఉంటే షాఫ్ట్ విప్పగానే దానికీ చక్రానికీ సంబంధం తెగిపోతుంది.

ఆటోనగర్‌లో హౌసింగ్ చూసేటప్పుడే రేషియో లెక్క పెట్టుకోవడం మేలు. రెండు వైపుల హబ్బులను ఒకేసారి, ఒకే దిక్కుకు ఒక చుట్టు తిప్పితే పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. ఫ్లాంజ్ మీద చాక్‌పీసుతో గీత పెడితే చాలు. క్రౌన్‌కు 41, పినియన్‌కు 6 పళ్లుంటే 6.83. అదే 41కి 7 అయితే 5.86. ఈ తేడా లాగుడుకే పరిమితం కాదు. 10.00ఆర్20 టైరు ఒక చుట్టుకు సుమారు 3.2 మీటర్లు పోతుంది. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర 6.83 హౌసింగ్ ఉన్న బండి షాఫ్ట్ నిమిషానికి దాదాపు 2,130 చుట్లు, 5.86 హౌసింగ్ ఉన్నది 1,830 చుట్లు తిరుగుతుంది. స్పీడోమీటరు, స్పీడ్ గవర్నర్ గేర్‌బాక్స్ వెనక నుంచి లెక్క తీసుకునే బండి అయితే, 6.83 తీసి 5.86 వేశాక నిజంగా 60లో పోతుంటే మీటరు 51 చూపిస్తుంది. 80కి కట్టిన గవర్నర్ బండిని 93 దాకా పోనిస్తుంది. రేషియో మారితే ఆ రెండిటినీ మళ్లీ కాలిబ్రేట్ చేయించక తప్పదు. ఆర్‌సీలో రాసి ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పైతే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుంది. అదే రకం హౌసింగ్‌కు అదే రకం వేస్తే ఈ బెడద ఉండదు.

ఇక క్రాస్. దుకాణంలో బండి పేరు చెప్పి క్రాస్ అడగడం మామూలే. హౌసింగ్ ఒక బండిది, షాఫ్ట్ ఇంకో బండిది అయినప్పుడు ఆ పేరు దారి తప్పిస్తుంది. వెర్నియర్‌తో కప్పు (క్రాస్ కాలికి తొడిగే, లోపల సూది రోలర్లు ఉండే గిన్నె) బయటి వ్యాసం, ఎదురెదురు కప్పుల అంచు నుంచి అంచు దాకా పొడవు కొలవాలి. కప్పును కదలకుండా పట్టే సర్‌క్లిప్ యోక్ బయటి వైపు గాడిలో కూర్చుంటుందా, లోపలి వైపు కప్పు గాడిలోనా అన్నదీ చూడాలి. లోపలి క్లిప్ రకమైతే పొడవును గాడి నుంచి గాడికి కొలుస్తారు. అరిగిన పాత క్రాస్‌ను కొలిచి ఆగిపోకుండా యోక్ రంధ్రాన్ని కూడా కొలవాలి.

ఒకే కొలత చూసి కొంటే ఎలా దెబ్బతింటారో అమెరికన్ పికప్‌లలో వాడే స్పైసర్ బ్రాండ్ క్రాస్‌ల సిరీస్‌ను చూస్తే తెలుస్తుంది. 1310, 1330 రెండిటికీ కప్పు 27 మిల్లీమీటర్లే, కానీ పొడవు ఒకదానికి 81.8, రెండోదానికి 92.1. 1350 పొడవు మళ్లీ 92.1, కానీ కప్పు 30.2. అక్కడ హౌసింగ్‌లు మార్చుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి రెండు కప్పులు ఒక సైజు, రెండు కప్పులు ఇంకో సైజు ఉన్న కాంబినేషన్ క్రాస్‌లు అంగట్లో దొరుకుతాయి. మన లారీల సైజుల్లో అలాంటివి ఎప్పుడూ దొరుకుతాయన్న నమ్మకం లేదు. దొరికినా, ఆ జాయింట్ బలం చిన్న వైపు బలమే అవుతుంది. నడిరోడ్డు మీద మళ్లీ అదే క్రాస్ కావాల్సి వస్తే సూర్యాపేటలో గానీ జడ్చర్లలో గానీ అడగ్గానే చేతికి రాదు. ఇల్లు చేరడానికి పనికొస్తుంది గానీ రోజూ లోడు కొట్టే బండికి అది సరైన పరిష్కారం కాదు.

అన్నిటికన్నా మంచి పద్ధతి, కుదిరితే, షాఫ్ట్ జోలికి పోకుండా పినియన్ ఫ్లాంజ్ మార్చడం. పాత హౌసింగ్ ఫ్లాంజ్ కొత్త పినియన్ మీద కూర్చుంటుందేమో చూడాలి. స్ప్లైన్ పళ్ల లెక్క, స్ప్లైన్ పొడవు, ఆయిల్ సీల్ ఒరుసుకునే భాగం వ్యాసం, ఈ మూడూ కలిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది. పాత ఫ్లాంజ్ మీద సీల్ గాడి గోటికి తగిలేంత లోతుగా పడి ఉంటే కొత్త సీల్ వేసినా ఆయిల్ కారుతుంది. అలాంటప్పుడు ఫ్లాంజ్ కూడా కొత్తదే కొనాలి.

పినియన్ నట్టు విప్పేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. కొన్ని హౌసింగ్‌లలో పినియన్ బేరింగుల బిగువు షిమ్ములతో (పల్చటి రేకు బిళ్లలతో), గట్టి స్పేసర్‌తో ఉంటుంది. వాటిలో ఫ్లాంజ్ మార్చి, కంపెనీ చెప్పిన టార్క్‌కు నట్టు బిగిస్తే పని అయిపోతుంది. మరికొన్నిటిలో నలిగే స్లీవ్ ఉంటుంది. వీటిలో ఎయిర్ గన్‌తో నట్టు దిగ్గొడితే స్లీవ్ ఇంకా నలిగి, బేరింగులు బిగుసుకుని, లోడు మీద వందల కిలోమీటర్లు కూడా పోకుండానే కాలిపోతాయి. అందుకే విప్పేముందు ఫ్లాంజ్‌కు తాడు చుట్టి స్ప్రింగు త్రాసుతో లాగి, పినియన్ ఎంత బరువుకు తిరుగుతోందో చూసి రాసుకోవాలి. బిగించాక అంతే రావాలి, లేదా అంతకన్నా పిసరు ఎక్కువ. ఎక్కువ బిగుసుకుందని నట్టు వదులు చేస్తే లాభం లేదు, స్లీవే మార్చాలి.

ఫ్లాంజ్ మార్చడానికి వీల్లేకపోతే షాఫ్ట్ చివరి యోక్ మార్చడం రెండో మార్గం. ఫ్లాంజ్‌లలో బోల్టుల లెక్క ఒకటే కలిస్తే చాలదు. బోల్టుల వలయం వ్యాసం, మధ్యలో ఒకదానిలో ఒకటి కూర్చునే స్పిగట్ వ్యాసం రెండూ కలవాలి. ఉదాహరణకు 150 మిల్లీమీటర్ల డిన్ (జర్మన్ ప్రమాణం) ఫ్లాంజ్‌కు బోల్టు వలయం 130, స్పిగట్ 90, బోల్టులు 8. షాఫ్ట్‌ను కేంద్రంలో నిలబెట్టేది స్పిగట్టే. రంధ్రాలు సాగదీసి బోల్టులు పట్టించినప్పుడు స్పిగట్ కూర్చోదు, షాఫ్ట్ అర మిల్లీమీటరు పక్కకు తిరుగుతుంది, ఆ వణుకును ఏ బ్యాలెన్సింగూ తీర్చలేదు. పైగా సాదా ఫ్లాంజ్‌లో తిప్పుడు బలాన్ని మోసేది రెండు ముఖాల మధ్య ఒరిపిడి. బోల్టుల పని ఆ ముఖాలను నొక్కి పట్టడమే. కాబట్టి 10.9 గ్రేడు బోల్టులే వేయాలి, ముఖాల మీద రంగు, తుప్పు, గ్రీజు లేకుండా తుడవాలి. ముఖం మీద అడ్డంగా పళ్లు ఉండే ఫ్లాంజ్‌ను సాదా ఫ్లాంజ్‌కు బిగించే ప్రయత్నం ఎవరూ చేయకూడదు, కానీ చేసినవాళ్లు లేకపోలేదు.

పొడవు దగ్గర చాలామంది బోల్తా పడతారు. కొత్త హౌసింగ్ ముక్కు (పినియన్ ఉండే ముందు భాగం) 30 మిల్లీమీటర్లు పొడవుగా ఉందనుకుందాం. స్లిప్ స్ప్లైన్ ఆ మేరకు లోపలికి పోతుంది, ఖాళీ బండి మీద అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. లోడు ఎక్కి కమాన్లు (పట్టీల స్ప్రింగులు) చదునైనప్పుడో, గుంతలో హౌసింగ్ పైకి లేచినప్పుడో స్ప్లైన్ అడుగు తాకిందంటే ఆ దెబ్బంతా సెంటర్ బేరింగ్‌కు (రెండు ముక్కల షాఫ్ట్‌ను మధ్యలో మోసేది), గేర్‌బాక్స్ వెనక బేరింగ్‌కు తగులుతుంది. ముక్కు పొట్టిదైతే స్ప్లైన్ బయటికి వచ్చి పట్టు తగ్గుతుంది, షాఫ్ట్ మధ్యలో ఊగుతుంది. బండి నిలబడినప్పుడు స్ప్లైన్ దాదాపు నడిమధ్య ఉండాలి. లోపలికి పోవడానికి కనీసం 25 మిల్లీమీటర్లు మిగలాలి. ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి కొలిస్తేనే ఇది తేలుతుంది. అంతకు మించి తేడా ఉంటే పైపు కోసి అతికించాలి.

కోసి అతికించడం మామూలు వెల్డింగ్ షాపు పని కాదు. పైపును లేత్ మీద ఎక్కించి, డయల్ గేజ్ పెట్టి, అతుకు తర్వాత వంకర 0.4 మిల్లీమీటర్ల లోపు ఉండేలా సరిచేసి, కొత్త క్రాస్‌లు వేశాకే బ్యాలెన్స్ చేయించాలి. క్రాస్ లేకుండా బ్యాలెన్స్ చేసి తర్వాత క్రాస్ వేస్తే ఆ డబ్బు వృథా. పైపు మీద అతికి ఉన్న చిన్న రేకు ముక్కలు బ్యాలెన్స్ బరువులు. తుప్పు గోకేటప్పుడు వాటిని ఊడగొట్టే కుర్రాళ్లను గమనిస్తూ ఉండాలి.

ఇప్పుడు అసలు వణుకు సంగతి. క్రాస్ కోణంలో తిరుగుతున్నప్పుడు ఇవతలి షాఫ్ట్ ఒకే వేగంతో తిరిగినా అవతలిది అలా తిరగదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. 5 డిగ్రీల దగ్గర ఈ హెచ్చుతగ్గు అటూ ఇటూ 0.4 శాతం. 10 డిగ్రీలకు 1.5 శాతం. 20కి పోతే 6 శాతం. వెనక జాయింట్ కూడా అంతే కోణంలో ఉండి, షాఫ్ట్ రెండు చివరల యోకులు ఒకే వరసలో ఉంటే ముందు జాయింట్ చేసిన తప్పును వెనకది సరిదిద్దుతుంది. పినియన్ సాఫీగా తిరుగుతుంది. రెండిటి కోణాల్లో తేడా 1 డిగ్రీ లోపు ఉండాలి.

పొడుగు లారీల్లో షాఫ్ట్ రెండు ముక్కలు, మధ్యలో సెంటర్ బేరింగ్. అక్కడ పినియన్ సమాంతరంగా ఉండాల్సింది షాఫ్ట్ ముందు ముక్కకు. గేర్‌బాక్స్‌తో పోల్చి లెక్క తప్పుతుంటారు. ఒక లెక్క చూద్దాం. గేర్‌బాక్స్ వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంది, ముందు ముక్క 4, వెనక ముక్క 8. మొదటి జాయింట్ కోణం 1 డిగ్రీ, అది అలాగే ఉండాలి. మధ్య జాయింట్ 4. పినియన్ కూడా వెనక్కి 4 డిగ్రీలే వాలి ఉంటే చివరి జాయింట్ 8 లోంచి 4 పోగా 4. మధ్యది, చివరిది సరిపోయాయి. తెచ్చిన హౌసింగ్ మీద కమాన్ కూర్చునే దిమ్మెల వెల్డింగ్ 3 డిగ్రీలు తేడాగా ఉండి పినియన్ ముక్కు పైకి చూస్తూ, దాని వాలు 7కి వచ్చిందనుకోండి. చివరి జాయింట్ 1 డిగ్రీకి పడిపోతుంది, మధ్యది 4లోనే ఉంటుంది. 3 డిగ్రీల తేడా. ఇక ఎంత ఖరీదైన క్రాస్ వేసినా 55, 60 మధ్య బండి ఊగుతూనే ఉంటుంది.

దీనికి మందు కమాన్ కట్టకూ హౌసింగ్ దిమ్మెకూ మధ్య 3 డిగ్రీల ఏటవాలు ప్లేటు. కట్ట హౌసింగ్ మీద ఉండే బండిలో పినియన్ ముక్కు కిందకి దిగాలంటే ప్లేటు మందం వైపు ముందుకు పెట్టాలి, పైకి లేవాలంటే వెనక్కి. తిరగేసి పెడితే 3 డిగ్రీలు కాస్తా 6 అవుతాయి. లోడు బండికి ఉక్కు ప్లేటే కావాలి, అల్యూమినియం నలుగుతుంది. సెంటర్ బోల్టు ప్లేటు మందానికి తగ్గట్టు పొడవుది వేయాలి, లేకపోతే దాని తల దిమ్మె రంధ్రంలో సరిగా కూర్చోక హౌసింగ్ జరుగుతుంది. యూ బోల్టులు కొత్తవి వేసి, లోడుతో కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి.

పినియన్ ఎత్తు కూడా చూడాలి. హైపాయిడ్ హౌసింగ్‌లో పినియన్ క్రౌన్ కేంద్రం కంటే కిందకి ఉంటుంది. పాతదానికన్నా 40 మిల్లీమీటర్లు కిందకి వస్తే, 1200 మిల్లీమీటర్ల వెనక ముక్క దాదాపు 2 డిగ్రీలు ఎక్కువ వాలుతుంది. పక్కకు జరిగితే ఆ కోణమూ కలుస్తుంది. నిలువుగా 4, అడ్డంగా 3 డిగ్రీలు ఉంటే జాయింట్ పడే అసలు కోణం 7 కాదు, 5. వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. ఎంత కోణం దాకా పోవచ్చన్నది షాఫ్ట్ వేగాన్ని బట్టి ఉంటుంది. స్పైసర్ పట్టిక ప్రకారం నిమిషానికి 2,000 చుట్లకు 8.7 డిగ్రీలు, 3,000కు 5.8 డిగ్రీలు గరిష్ఠం. అంచు దాకా పోనివ్వడం తెలివైన పని కాదు, కోణం రెట్టింపైతే క్రాస్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. అలాగని సున్నా కూడా పనికిరాదు. సూది రోలర్లు అటూ ఇటూ కదలకపోతే ఒకేచోట నిలబడి క్రాస్ కాలు మీద గీతలు గుద్దుతాయి. అర డిగ్రీ, ఒక డిగ్రీ కనీసం ఉండాలి.

వరస తప్పడం అన్నిటికన్నా చవకైన తప్పు, అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేదీ అదే. స్లిప్ స్ప్లైన్ ఊడదీసి మళ్లీ దూర్చినప్పుడు ఒక్క పన్ను పక్కకు పోతే యోకులు ఒకే వరసలో ఉండవు. కొన్ని షాఫ్ట్‌ల మీద బాణం గుర్తులుంటాయి, గ్రీజు కింద అవి కనబడవు. విప్పేముందు పంచ్‌తో రెండు వైపులా చుక్క కొట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు. చాక్‌పీసు గీత డీజిల్ గుడ్డ తగిలితే పోతుంది.

క్రాస్ బిగించేటప్పుడు ఒక చిన్న పని మీద ఓపిక పెట్టాలి. కప్పులోని సూది రోలర్లను చిక్కటి గ్రీజుతో గోడకు అంటించి, కప్పు నిటారుగా పట్టుకుని, వైస్‌లో రెండు సాకెట్ల మధ్య నొక్కాలి. ఒక వైపు కప్పుకన్నా చిన్న సాకెట్, రెండో వైపు పెద్దది. సుత్తి దెబ్బలకు రోలరు ఒకటి జారి కప్పు అడుగున అడ్డం పడుతుంది. కప్పు చివరికి వచ్చి 2, 3 మిల్లీమీటర్ల దగ్గర ఆగి, సర్‌క్లిప్ గాడి పూర్తిగా తెరుచుకోకపోతే లోపల రోలరు పడిందనే అర్థం. ఇంకో రెండు దెబ్బలు వేస్తే రోలరు విరుగుతుంది లేదా కప్పు అడుగు పగులుతుంది. బయటికి తీసి చూడటమే మార్గం. సర్‌క్లిప్‌లు వేరువేరు మందాల్లో దొరికే రకమైతే ఎదురెదురుగా ఒకే మందంవి వేయాలి. ఒక వైపు మందం, ఒక వైపు పల్చన వేస్తే క్రాస్ కేంద్రం పక్కకు జరిగి, బ్యాలెన్స్ చేయించిన షాఫ్ట్ కూడా వణుకుతుంది. బిగించాక యోక్ చెవుల మీద మెల్లగా తట్టాలి. అప్పుడు క్రాస్ నాలుగు వైపులా ఒకే బిగువుతో కదలాలి, ఎక్కడా పట్టినట్టు ఉండకూడదు. గ్రీజు నాలుగు సీళ్ల దగ్గరా బయటికి వచ్చేదాకా కొట్టాలి. మూడు చోట్ల వచ్చి నాలుగో చోట రాకపోతే ఆ కప్పు ఎండిపోయే ఉంటుంది. వర్షాకాలం క్వారీ, క్రషర్ బాటల్లో తిరిగే టిప్పర్లకు బురద లోపలికి పోతుంది కాబట్టి గ్రీజు గన్ మరింత తరచుగా తీయాలి. సీలు చుట్టూ తుప్పు రంగు పొడి కనిపిస్తే కప్పు లోపల గ్రీజు అయిపోయినట్టే.

రోడ్డు పరీక్షలో వణుకు దేని నుంచో పసిగట్టడానికి ఈ ప్రాంతపు లారీల ట్రిప్పులే సాయం చేస్తాయి. లోడుతో పోయేటప్పుడు లేని వణుకు ఖాళీగా తిరిగి వస్తుంటే చౌటుప్పల్ దగ్గర మొదలవుతుందంటే, కమాన్లు లేవగానే కోణం చెడుతోందన్నమాట. గేరు మార్చినా ఒకే రోడ్డు వేగం దగ్గర వణుకు రావడం గేర్‌బాక్స్ వెనక తప్పును చూపిస్తుంది. సన్నగా, వేగంతో పాటు పెరుగుతూ పోయేది బ్యాలెన్స్ లేదా ఫ్లాంజ్ వంకర. గరగరలాడుతూ, యాక్సిలరేటర్ వదలగానే మారేది కోణం లేదా వరస. లోడుతో ఆగిన చోటి నుంచి కదిలేటప్పుడు మాత్రమే కుదిపేది సెంటర్ బేరింగ్ రబ్బరు, లేదా పినియన్ ముక్కు లాగుడుకు మరీ పైకి లేవడం. గేరు వేయగానే టక్కుమంటే క్రాస్‌తో పాటు స్ప్లైన్ అరుగుదల, పినియన్ ఆట కూడా చూడాలి.

శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటి దోమలపెంట ఘాట్ ఎక్కి దిగే బండ్లలో స్ప్లైన్ పొడవు తప్పు త్వరగా బయటపడుతుంది. లాగుడు, ఇంజిన్ పట్టు మారుతున్న కొద్దీ హౌసింగ్ ముందుకూ వెనక్కీ మెలి తిరుగుతుంది. వంపుల్లో లోడు ఒక వైపు ఒరుగుతుంది. అలాంటి రూటుకు పోయే బండికి షాఫ్ట్ చుట్టూ గార్డు పట్టీ లేకపోతే ముందు అది కట్టించాలి. ముందు వైపు జాయింట్ తెగిన షాఫ్ట్ రోడ్డుకు పొడుచుకుంటే బండి వెనక భాగం లేస్తుంది.

మొదటి లోడు ట్రిప్పులో 30 కిలోమీటర్లు పోయాక పక్కన ఆపి, చక్రాలకు దిమ్మెలు పెట్టి, ప్రతి కప్పు దగ్గరా చేతి వెనక వైపు దగ్గరగా తెచ్చి వేడి చూడాలి. నల్లగొండ ఎండలో అన్నీ వేడిగానే ఉంటాయి, కానీ మిగతావాటికన్నా ఒక్కటే ఎక్కువ కాలుతుంటే అందులో రోలరు పడి ఉండాలి, లేదా గ్రీజు చేరి ఉండదు. ఫ్లాంజ్ బోల్టు తలల నుంచి ఫ్లాంజ్ మీదికి షెడ్డులోనే సన్నగా పెయింట్ గీత గీసి ఉంచితే, ఏ బోల్టు తిరిగిందో పానా పెట్టకుండానే తెలిసిపోతుంది. తిరిగిన బోల్టును అక్కడే బిగించి ఊరుకోకుండా, షెడ్డుకు వచ్చాక ఆ ఫ్లాంజ్ విప్పి ముఖాల మధ్య ఏం ఇరుక్కుందో చూడాలి.